రక్తమును నిలుపు మందులు: వాని తరగతులు, రైతు తెలిసికొనవలసిన తేడాలు

వరికోతలలో కొడవలి తెగినను, ఎలుకల మందు కలిపిన నూకలను కుక్క తినినను, వేరుశనగ పీకుచుండగా పింజర కరచినను, కాన్పు అయిన తల్లికి రక్తము ఆగకున్నను మన పల్లెలలో ముందుగా వినవచ్చు మాట ఒక్కటే: "రక్తం ఆగడానికి ఓ సూది వేయించండి." రక్తము ఆగు సూది అనునది ఒకటి కాదు. అట్టివి అనేకము కలవు. ఒక్కొక్కటి ఒక్కొక్కచోట పనిచేయును. చోటు తప్పిన సూది ఎంత విలువైనదైనను నీళ్లతో సమానమే. ఒక్కొక్కప్పుడు నీళ్లకంటెను చెడ్డది; ఏలననగా దానిని నమ్ముకొని అసలు చికిత్సకు పోవలసిన గంటలను పోగొట్టుకొందుము.

ఈ వ్యాసము వ్రాయుచున్న నేను వైద్యుడను కాను, సస్యశాస్త్ర బోధకుడను. ఈ విషయము జోలికి ఎందుకు వచ్చితినో చెప్పవలెను. ఒక గ్రామములో ఎలుకల నివారణను గూర్చి శిక్షణ జరుగుచుండగా ఒక పెద్దరైతు లేచి, "మేష్టారూ, మా కుక్క ఎలకలమందు తింటే పశువుల డాక్టరుగారు విటమిను సూదులేశారు, బతికింది. మా వియ్యంకుడి కుక్కకీ అవే సూదులేశారు, చచ్చిపోయింది. మందు ఒకటే గదా, ఇదేం చిత్రం?" అని అడిగెను. ఆనాడు నేను చెప్పిన జవాబు సగమే. రెండు కుక్కలు తినినవి రెండు వేరువేరు మందులని మాత్రము చెప్పగలిగితిని. ఆ సూది ఒకదానికి ఎందుకు పనిచేసినదో, రెండవదానికి ఎందుకు పనిచేయలేదో విడమరచి చెప్పుటకు నాకే తెలియదు. తరువాత పశువైద్య మిత్రులను, వైద్యులను అడిగి, పుస్తకములు చదివి తెలిసికొనిన దానిని ఇచట రైతు సోదరుల ముందుంచుచున్నాను.

మనకు తెలిసిన పోలిక ఒకటి కలదు. వరి ఆకు పసుపుపచ్చబడినచో చాలమంది చేయి యూరియా బస్తా మీదికే పోవును. నత్రజని తక్కువైనచో యూరియా పనిచేయును. జింకు లోపమైనచో ఎన్ని బస్తాలు చల్లినను పైరు తేరుకొనదు. రంగు ఒక్కటే, కారణములు వేరు. రక్తస్రావము కూడ అట్టిదే. కంటికి కనబడు ఎరుపు ఒక్కటే.

రక్తము తనంతట తాను నిలుచు విధము

మందుల తరగతులు తెలియవలెనన్న ముందుగా మందు లేకుండ రక్తము ఎట్లు నిలుచునో తెలియవలెను. కాలువ గట్టునకు గండి పడినపుడు మనము చేయు పనులను తలచుకొనుడు. మొదట ఎగువన లాకులు దించి నీటి ఉరవడి తగ్గింతుము. పిమ్మట గండిలో ఇసుక బస్తాలు పడవేయుదుము. బస్తాలు మాత్రమే నిలువవు గనుక గుంజలు పాతి, తడికలు కట్టి, బంకమట్టి మెత్తుదుము. గట్టు గట్టిపడిన తరువాత అడ్డముగా మిగిలిన గుంజలను, తడికలను పీకివేయుదుము.

శరీరమును ఈ నాలుగు పనులు చేయును. నరము తెగిన వెంటనే అది ముడుచుకొని సన్నబడును. ఇది లాకులు దించుట. రక్తములోని ప్లేట్‌లెట్లు అను సన్నని కణములు వచ్చి తెగినచోట అంటుకొనును. ఇవి ఇసుక బస్తాలు. తరువాత ఫైబ్రిన్ అను దారములు అల్లుకొని ఆ ముద్దను గట్టిపరచును; ఇది తడిక. ఈ దారములు సిద్ధమగుటకు పది పన్నెండు పదార్థములు ఒకదాని నొకటి మేలుకొలుపవలెను. వీనిలో ఎక్కువ భాగము కాలేయములో తయారగును. గాయము మానుచుండగా ప్లాస్మిన్ అనునది వచ్చి ఆ దారములను కరిగించును. ఇది గుంజలు పీకుట. ఈ చివరి పని తొందరపడి ముందే జరిగినచో మూసుకొనిన గండి మరల తెగును.

తరగతులు

ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడుకలోనున్న మందుల వర్గీకరణలో రక్తస్రావమును నిలుపు మందులకు బి-02 అను గుర్తు నిచ్చినారు. అందు రెండు శాఖలు కలవు. మొదటిది ఏర్పడిన గడ్డ కరగిపోకుండ కాచునవి. రెండవది విటమిన్ కె, మరియు ఇతర రక్తస్తంభకములు. పుస్తకమున కిది చాలును గాని రైతుకు ఇంకొంచెము విప్పి చెప్పవలెను. నేను గండి పోలికనే పట్టుకొని చెప్పెదను.

నరమును బిగించునవి మొదటి తరగతి. అడ్రినలిన్ ఇట్టిది. ముక్కునుండి రక్తము కారునపుడు వైద్యులు దానిలో తడిపిన దూదిని పెట్టుదురు. కాన్పు తరువాత ఇచ్చు ఆక్సిటోసిన్ నరమును సూటిగా పట్టుకొనదు. గర్భసంచి కండరమును ముడుచుకొనునట్లు చేయును. ఆ కండరము మధ్యనున్న నరములు దానితోపాటు నొక్కుకొని మూసుకొనును.

ప్లేట్‌లెట్లకు సంబంధించినవి రెండవ తరగతి. అవి తక్కువైనచో, రక్తనిధి నుండి తెచ్చి ఎక్కించుటయే సూటియైన పద్ధతి. డెస్మోప్రెసిన్ అను మందు శరీరములో దాగియున్న కొన్ని గడ్డకట్టు పదార్థములను బయటికి తెప్పించి, ప్లేట్‌లెట్లు అంటుకొనుటకు తోడ్పడును. ఎటామ్‌సిలేట్ అను బిళ్ల మన మందుల షాపులలో విరివిగా దొరకును. సన్ననరముల నుండి కారు కొద్దిపాటి రక్తమునకు దీనిని వాడుదురు. పెద్ద గాయమునకు దానిపై ఆధారపడరాదు.

గడ్డకట్టు పదార్థములను సమకూర్చునవి మూడవ తరగతి. విటమిన్ కె ఇందులోనిది. లోపించిన పదార్థమును నేరుగా ఇచ్చునవియు ఇందులోనివే: ప్లాస్మా, ఫైబ్రినోజన్, హీమోఫిలియా అను పుట్టుకతో వచ్చు జబ్బులో వాడు 8వ, 9వ ఫ్యాక్టర్లు. 1964లో అమెరికాలో జూడిత్ పూల్ అను శాస్త్రవేత్త, గడ్డకట్టిన ప్లాస్మాను నెమ్మదిగా కరిగించునపుడు అడుగున మిగులు ముద్దలో 8వ ఫ్యాక్టరు నిండుగా ఉన్నదని కనుగొనెను. అప్పటివరకు ఎన్నో సీసాల ప్లాస్మా ఎక్కించవలసిన హీమోఫిలియా రోగులకు ఆ ముద్ద ప్రాణాధారమైనది.

ఏర్పడిన గడ్డను కాచునవి నాలుగవ తరగతి. ట్రానెక్సామిక్ ఆమ్లము వీనిలో ముఖ్యమైనది. జపాను దేశపు శాస్త్రవేత్తలు ఉటాకో ఒకామోటో, షోసుకే ఒకామోటో అను దంపతులు 1962లో దీనిని వెల్లడించిరి. ఇది కొత్త గడ్డను పుట్టించదు. ఉన్న గడ్డను ప్లాస్మిన్ కరిగించకుండ అడ్డుపడును, అంతే. దీనికి వేళ ముఖ్యము. 2010లో వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో ప్రమాదములలో గాయపడిన 20,211 మందిని చూచిరి. మూడు గంటల లోపల ఇచ్చినవారిలో రక్తస్రావపు మరణములు తగ్గినవి. మూడు గంటలు దాటిన తరువాత ఇచ్చినవారిలో తగ్గకపోగా పెరిగినవి. విత్తు వేయు అదను తప్పినచో ఏమగునో మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

గాయము మీదనే వేయునవి ఐదవ తరగతి. మంగలి పొదిలోని పటిక ఈ జాతిదే. అది గాయము పైనున్న మాంసకృత్తులను ముడిపరచి సన్నని గీతలను మూయును. ఆసుపత్రులలో జెలటిన్ స్పాంజి, సెల్యులోజ్ గుడ్డ, త్రాంబిన్ పొడి వాడుదురు. ఇటీవలి కాలములో సైనికుల కట్టులలో వాడుచున్న కైటోసాన్ అనునది రొయ్య పెంకుల నుండి తీయబడుచున్నది. భీమవరము ప్రాంతమున రొయ్యలు పెంచు సోదరులు ఈ సంగతి తెలిసికొనినచో, పారవేయు పెంకు విలువ ఏమిటో తెలియును.

ఇక పాముకాటు సీరమునకు ఈ బి-02లో చోటే లేదు. అది జె-06లో, అనగా సీరముల వరుసలో ఉన్నది. ఆక్సిటోసిన్ హెచ్-01లో, హార్మోనుల వరుసలో ఉన్నది. పల్లెలలో రక్తస్రావమువలన పోవు ప్రాణములను ఎక్కువగా నిలుపగల ఈ రెండును "రక్తము నిలుపు మందుల" పట్టికలోనే లేవు. పట్టిక తప్పని నేను అనుట లేదు. పట్టిక మందును బట్టి కట్టినది. ఆపదలో మనము చూడవలసినది కారణమును.

ఎలుకల మందు, విటమిన్ కె

ఇది నా పాఠమునకు దగ్గరి విషయము గనుక కొంత విస్తరించి చెప్పెదను. దీని కథ పశుగ్రాసముతో మొదలైనది.

1920 తరువాత ఉత్తర అమెరికాలో స్వీట్ క్లోవర్ అను పప్పుజాతి పశుగ్రాసము తినిన ఆవులు కారణము తెలియకుండ రక్తము కారి చనిపోవుట ఎక్కువైనది. కొమ్ము కోసినను, చిన్న దెబ్బ తగిలినను రక్తము నిలువకపోయెడిది. బూజుపట్టిన గడ్డియే దీనికి కారణమని కెనడాలో స్కోఫీల్డ్ అను పశువైద్యుడు చూపెను. 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రాష్ట్రపు రైతు ఒకడు మంచు తుపానులో బండి తోలుకొని, చచ్చిన పెయ్యను, పాలక్యానులో గడ్డకట్టని రక్తమును, చెడిన గడ్డి మోపును తీసికొని మాడిసన్‌లోని వ్యవసాయ రసాయన శాఖకు వచ్చెను. అచట కార్ల్ పాల్ లింక్ అను ఆచార్యుడు, ఆయన శిష్యులు ఆరేండ్లు పనిచేసి 1939లో ఆ గడ్డిలోని విషమును విడదీసిరి. దానికి డైకుమరాల్ అని పేరు. పచ్చిగడ్డిలోని కుమారిన్ హాని చేయదు. బూజు దానిని డైకుమరాల్‌గా మార్చును. ఈ వరుసలో తయారు చేసిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా అంగడికి వచ్చినది. కొలది సంవత్సరములకే దానినే గుండెజబ్బు రోగులకు రక్తము గడ్డకట్టకుండ ఇచ్చుట మొదలైనది. మన ఇండ్లలో గుండె కవాటము మార్పించుకొనినవారు ప్రతిదినము మ్రింగు బిళ్ల ఇదియే కావచ్చును. ఒక రైతు తెచ్చిన పాలక్యాను నుండి ఇంత కథ నడచినది.

నేడు మనము వరిచేలలో వాడు బ్రొమాడయొలోన్ ఈ వంశములోనిదే, వార్ఫరిన్ కంటె చాల బలమైనది. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు వంటనూనె, 2 పాళ్లు 0.25 శాతము బ్రొమాడయొలోన్ కలిపినచో 0.005 శాతము ఎర తయారగును. ఇది తినిన ఎలుక వెంటనే చావదు. కారణమిది: కాలేయములో తయారగు గడ్డకట్టు పదార్థములలో నాలుగింటికి, అనగా 2, 7, 9, 10 సంఖ్యలు గలవానికి, చివరి మెరుగు పెట్టుటకు విటమిన్ కె కావలెను. ఒకసారి వాడిన విటమిన్ కె మరల పనికివచ్చునట్లు శరీరము దానిని తిరుగదోడును. ఆ తిరుగదోడు పనిని ఈ మందు ఆపివేయును. అయినను రక్తములో అప్పటికే సిద్ధముగానున్న నిల్వ రెండు మూడు దినములు చాలును. నిల్వ అయిపోయిన తరువాతనే రక్తము కారుట మొదలగును. ఆ జాప్యము వలననే మిగిలిన ఎలుకలకు ఎర మీద అనుమానము పుట్టదు. మనకు ఎలుకల విషయమున మేలు చేయు ఈ జాప్యమే, కుక్కగాని, బిడ్డగాని పొరపాటున తినినపుడు ప్రమాదమైనది. మొదటి దినమున ఏమియు కనబడదు. "బాగానే ఉన్నాడుగా" అని ఇంటనే ఉంచుకొందురు. మూడవ, నాలుగవ దినమున చిగుళ్ల నుండి రక్తము, నల్లని విరేచనము, శరీరముపై నల్లని మచ్చలు కనబడును. కావున లక్షణములకై వేచియుండరాదు. తినిన వెంటనే ఆసుపత్రికి పోవలెను. రక్తపరీక్షను మొదటి దినమున చేసి బాగున్నదని వదలక, రెండు దినముల తరువాత మరల చేయించవలెను.

దీనికి విరుగుడు విటమిన్ కె. డెన్మార్కులో హెన్రిక్ డామ్ అను శాస్త్రజ్ఞుడు కోడిపిల్లలకు కొవ్వులేని మేత పెట్టి పరిశోధించుచుండగా వానికి రక్తము కారుట చూచి ఈ విటమినును కనుగొనెను. గడ్డకట్టుటకు జర్మను, డేనిష్ భాషలలోనున్న పదపు మొదటి అక్షరమే "కె". దీనికి ఆయనకు, అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ డాయిజీకి 1943 సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది.

విటమిన్ కె విషయమున మూడు సంగతులు గుర్తుంచుకొనవలెను. ఒకటి, అది వెంటనే పనిచేయదు. కాలేయము కొత్త పదార్థమును తయారుచేయుటకు కొన్ని గంటలు పట్టును. అప్పటికే రక్తము కారుచున్నచో ప్లాస్మా కూడ ఎక్కించవలసియుండును. రెండు, ఒకటి రెండు సూదులతో ఆపరాదు. బ్రొమాడయొలోన్ శరీరములో వారముల తరబడి నిలువ ఉండును. కుక్కకు మూడు నాలుగు వారములు, మనిషికి ఇంకను ఎక్కువకాలము చికిత్స సాగవచ్చును. కుక్క లేచి తిరుగుచున్నదని మధ్యలో మానివేసినవారు పిమ్మట బాధపడిరి. మూడు, కావలసినది కె-1. కోళ్లమేతలో కలుపు కె-3 దీనికి బదులు కాదు. మేతపొడి ఇంటనున్నది గదా అని పెట్టి కూర్చుండరాదు.

ఇప్పుడు ఆ పెద్దాయన ప్రశ్నకు రండు. ఆయన వియ్యంకుని కుక్క తినినది జింకు ఫాస్ఫైడ్, అనగా నల్లని పొడి. అది కడుపులోని ఆమ్లముతో కలిసి ఫాస్ఫీన్ అను విషవాయువును పుట్టించును. గుండెను, ఊపిరితిత్తులను గంటలలో దెబ్బతీయును. గడ్డకట్టు పదార్థములతో దానికి పనిలేదు, కావున విటమిన్ కె దానిని ఏమియు చేయలేదు. దానికి ప్రత్యేకమైన విరుగుడే లేదు. వేగముగా ఆసుపత్రికి చేర్చి ప్రాణమును నిలబెట్టు చికిత్స చేయుటయే. పసుపు భాస్వరముతో చేసిన ఎలుకల పేస్టు మూడవ రకము. అది కాలేయమునే పాడుచేయును. అందును రక్తము కారును, వైద్యులు విటమిన్ కె కూడ ఇత్తురు. కాని పదార్థమును తయారుచేయవలసిన కార్ఖానాయే దెబ్బతినినపుడు ముడిసరుకు పంపి ఏమి లాభము? ఇవి మూడును అంగడిలో "ఎలకలమందు" అను ఒక్క పేరుతోనే అడుగుచుందురు. నా మట్టుకు, పేస్టును ఇంటికి తేవద్దనియే చెప్పుదును.

పింజర కాటు

రక్తపింజర, చిన్నపింజర కరచినపుడు కూడ రక్తము గడ్డకట్టదు. కాని కారణము దీనికి తారుమారు. ఎలుకల మందు పదార్థములను తయారు కానీయదు. పింజర విషము తయారైనవానిని ఒక్కుమ్మడిగా మేలుకొలిపి శరీరమంతట చిన్నచిన్న గడ్డలుగా ఖర్చుపెట్టించివేయును. అసలు గండి పడినచోటికి ఒక్క తడికయైనను మిగులదు. రక్తపింజర విషము గడ్డకట్టుటను ఎంత వేగముగా మొదలిడునో చూచి, 1934లో లండనులో మాక్‌ఫర్లేన్, బార్నెట్ అను ఇద్దరు దానిని బాగుగ పలుచన చేసి హీమోఫిలియా రోగుల గాయముల మీద పైపూతగా వాడిచూచిరి, రక్తము నిలిచినది. గాయము మీద చుక్కగా మందైనది, రక్తములో కలిసినపుడు మృత్యువైనది.

విషము రక్తములో తిరుగుచున్నంతసేపు విటమిన్ కె, ఎటామ్‌సిలేట్, ట్రానెక్సామిక్ ఆమ్లము వీనిలో ఏదియు ఆ స్రావమును నిలుపలేదు. విషమును కట్టివేయు సీరమొక్కటే మందు. మన దేశములో లభించు సీరము నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఈ నాలుగింటికిని పనిచేయును. కావున పామును చంపి తేనక్కరలేదు, వెదకుచు కాలము పోగొట్టనక్కరలేదు.

ఆసుపత్రిలో చేయు ఒక చిన్న పరీక్షను రైతులు తెలిసికొనుట మంచిది. పొడిగానున్న శుభ్రమైన గాజు గొట్టములో రెండు మిల్లీలీటర్ల రక్తము తీసి, కదల్చక ఇరువది నిమిషములు ఉంచి, ఒకసారి వంచి చూతురు. గడ్డకట్టక కారినచో పింజర విషము ఎక్కినదని గ్రహించి సీరము మొదలిడుదురు, సాధారణముగా ఎనిమిది నుండి పది సీసాలు. ఆరు గంటల తరువాత మరల అదే పరీక్ష చేయుదురు. గొప్ప యంత్రములేవియు లేని చోటను ఇది జరుగును. "ఊరకే కూర్చోబెట్టారు, సూది వెయ్యలేదు" అని ఆ ఇరువది నిమిషములలో తగవు పెట్టుకొనినవారిని నేను చూచితిని. ఆ నిమిషములు వృథా కావు.

కాటు పడినచోట కోయుట, పీల్చుట, త్రాడుతో బిగించి కట్టుట కూడదు. రక్తము గడ్డకట్టని మనిషికి కోసిన గాయము నుండి ఎంత పోవునో ఆలోచించుడు. కాలును కదలకుండ బద్దకట్టి, పడుకొనబెట్టి తీసికొనిపోవలెను. మా బంధువులలో ఒకరికి చేలగట్టున పింజర కరచినపుడు మొదట వేరుమందునకు, తరువాత ఎవరో వేసిన రక్తము ఆగు సూదికి ఒక రాత్రియంతయు గడచినది. తెల్లవారి ఆసుపత్రికి చేర్చునప్పటికి మూత్రపిండములు చెడిపోయెను. ఆయన బ్రతికెను గాని మరల కాడి పట్టలేదు.

తల్లి, బిడ్డ

కాన్పు తరువాతి రక్తస్రావమును నివారించుటకు బిడ్డ పుట్టిన వెంటనే తల్లికి 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇత్తురు. ఇది 2 నుండి 8 డిగ్రీల చలువలో ఉండవలసిన మందు. ఎండలో సంచిలో తిరిగిన సీసాకు బలము తగ్గిపోవును. దీనికి చాలనపుడు ట్రానెక్సామిక్ ఆమ్లము కూడ ఇత్తురు. 2017లో వెలువడిన మరియొక పరిశీలనలో 20,060 మంది తల్లులను చూచి, మూడు గంటల లోపల ఇచ్చినచో రక్తస్రావపు మరణములు తగ్గునని తేల్చిరి. ఇంటి కాన్పులో ఈ మూడు గంటలు ఎట్లు పోవునో పల్లెలో పుట్టిన ప్రతివారికి తెలియును.

పుట్టిన బిడ్డకు ఒక మిల్లీగ్రాము విటమిన్ కె సూది ఇత్తురు. బిడ్డ శరీరములో దాని నిల్వ కొద్ది, తల్లిపాలలోను కొద్దియే. "పసిగుడ్డుకు సూదేమిటి" అని వద్దనరాదు. మెదడులో రక్తము చిమ్ముటను ముందుగానే ఆపు సూది ఇది.

ఇక్కడ పాడిరైతులతో ఒక మాట. గేదె పాలు చేపుటకై దొంగతనముగా అమ్ము సీసాలలోని మందు ఈ ఆక్సిటోసినే. దీని దుర్వినియోగము వలన ప్రభుత్వము 2018లో ప్రైవేటు తయారీని నిషేధించినది. తల్లులకు మందు కరవగునని ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము ఆ యేడు డిసెంబరులో ఆ నిషేధమును కొట్టివేసినది. పాలకొరకు చేసిన పొరపాటు కాన్పుగది వరకు పోయినది.

పశువులు

కొమ్ము విరిగి రక్తము కారునపుడు శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి కట్టవలెను. పశువైద్యులు టింక్చర్ బెంజోయిన్‌లో తడిపిన గుడ్డను కుక్కి కట్టుదురు. కోళ్లకు ముక్కు కత్తిరించుటకు ముందు నీటిలో విటమిన్ కె కలుపుట కోళ్ల రైతులకు తెలిసినదే. కాక్సిడియా జబ్బుకు ఇచ్చు సల్ఫా మందులలో కొన్ని విటమిన్ కె పనిని చెరచును. వానిని కొలతకు మించి వాడినచో కోళ్లకు లోలోపల రక్తము కారును. బూజు పట్టిన గడ్డిని ఏ పశువునకు పెట్టరాదని చెప్పుటకు పైన చెప్పిన విస్కాన్సిన్ కథ చాలును.

పశువు ఎర్రగా మూత్రము పోయుచున్నచో రక్తము ఆగు సూదిని అడుగకుడు. అది చాలసార్లు రక్తస్రావమే కాదు. గోమార్ల వలన వచ్చు బెబీసియా జ్వరములో ఎర్రకణములు నరములలోనే పగిలి వాని రంగు మూత్రములో దిగును. ఈనిన గేదెలలో భాస్వర లోపమువలనను ఇట్లే జరుగును. మొదటిదానికి బెబీసియాను చంపు మందు, రెండవదానికి భాస్వరపు సూది. గండి లేని కాలువకు ఇసుక బస్తాలు మోసినందువలన ఫలమేమి?

కొడవలి గాయము

అన్నిటికంటె ఎక్కువగా జరుగునది ఇదే. దీనికి మందు అవసరము తక్కువ. శుభ్రమైన గుడ్డను గాయముపై పెట్టి, అరచేతితో పది నిమిషములు విడువక అదుమవలెను. "ఆగిందా" అని మాటిమాటికి ఎత్తి చూచినచో అప్పుడే కట్టుకొనిన తడిక ఊడివచ్చును. చేతిని గుండెకంటె ఎత్తుగా ఉంచవలెను. చాఫ్‌కట్టరులోనో, నూర్పిడి యంత్రములోనో చేయిపడి రక్తము ధారగా చిమ్ముచు, అదిమినను ఆగనప్పుడు మాత్రము గాయమునకు పైన వెడల్పాటి గుడ్డతో బిగించి, కట్టిన వేళను వ్రాసిపెట్టి, వెంటనే ఆసుపత్రికి పోవలెను. పాముకాటునకు ఈ కట్టు పనికిరాదని పైన చెప్పితిని. రెండింటిని కలగాపులగము చేయరాదు.

గడ్డిచేమంతి ఆకురసము పిండుట మనవారి అలవాటు. అది రక్తమును నిలుపదని నేను వాదించను. కాని గట్టుమీది ఆకుకు పేడ, మట్టి అంటియుండును. ధనుర్వాతము అచటినుండియే వచ్చును. కాఫీపొడి, సున్నము, కిరోసిను, బూడిద విషయమును అంతే. రక్తము ఆగుట వానివలన కాదు, వానిని పట్టి అదిమిన చేతివలన. గాయమును మంచినీటితో కడిగి, ధనుర్వాతపు సూది ఎప్పుడు వేయించుకొనినదియు వైద్యునకు చెప్పవలెను.

గుండెజబ్బునకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వాడుచున్నవారు ఆ సంగతిని ప్రతి వైద్యునకు ముందుగా చెప్పవలెను; ఆ బిళ్లల చీటీని జేబులో ఉంచుకొనుట మేలు. డెంగీ జ్వరములో ప్లేట్‌లెట్లు తగ్గియుండును గనుక నొప్పికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మ్రింగరాదు.

ఎలుకల మందును కొనినపుడు పొట్లమును పారవేయకుడు. ఎర కలిపి మిగిలినదానిని వేరొక డబ్బాలో పోయక, పొట్లముతోనే తాళము వేసి దాచుడు. పొరపాటు జరిగి 108 బండి ఎక్కునపుడుగాని, పశువునకై 1962కు ఫోను చేయునపుడుగాని మందు పేరు, తినిన వేళ, సుమారు ఎంత తినినది చెప్పుడు. పొట్లమును వెంట తీసికొనిపొండు. దానిమీద బ్రొమాడయొలోన్ అని ఉన్నదో, జింకు ఫాస్ఫైడ్ అని ఉన్నదో చూచినచో, ఏ తరగతి చికిత్స మొదలిడవలెనో వైద్యునకు రక్తపరీక్ష రాకముందే తెలిసిపోవును.